ఇంట్లో ఎస్ప్రెస్సో: మెషిన్‌ను అనుమానించే ముందు నీళ్లు చూడండి

వేడినీళ్లను ఒత్తిడితో కాఫీ పొడిలోంచి పంపి చిక్కటి కాఫీ తీసేవి ఎస్ప్రెస్సో మెషిన్లు. విశాఖపట్నంలో ఇళ్లలో వాడే అలాంటి మెషిన్లు బాగుచేయడం నా వృత్తి. నా బల్ల మీదికి వచ్చే వాటిలో తయారీ లోపంతో చెడినవి తక్కువ. లోపల సున్నం పేరుకుని, కాఫీ జిడ్డు గడ్డకట్టి వచ్చేవే ఎక్కువ. వాటి యజమానులకు శ్రద్ధ లేక కాదు. ఎవరో చెప్పిన తప్పు మాటను నమ్మి, దాన్నే శ్రద్ధగా పాటించారు. వేలకు వేలు పోసి ఇష్టంగా కొనుక్కున్న వస్తువు మూలపడితే ఆ ఇంటివాళ్ల ముఖం చూడటం కష్టంగా ఉంటుంది. నాకు తరచూ వినిపించే మాటలు, వాటి వెనుక ఉన్న నిజాలు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: టీడీఎస్ మీటరులో అంకె తక్కువగా ఉంటే ఆ నీళ్లు మెషిన్‌కు మంచివే.

ఈ మీటరు నీటిలో విద్యుత్తు ఎంత సులువుగా ప్రవహిస్తోందో చూసి, లవణాల మొత్తాన్ని అంచనా కడుతుంది. ఆ లవణం కాల్షియమా, మామూలు ఉప్పా అన్నది చెప్పలేదు. మెషిన్‌కు కావలసింది ఆ తేడాయే. కాల్షియం బైకార్బొనేట్ వేడికి విడిపోయి బాయిలర్ గోడల మీద సున్నపు పొరగా పేరుకుంటుంది. ఉప్పు పొర కట్టదు కానీ, అందులోని క్లోరైడ్ స్టెయిన్‌లెస్ స్టీలుకు కూడా సూదిమొనంత రంధ్రాలు పెడుతుంది. సున్నాన్ని కరిగించి తీయగలను. రంధ్రం పడిన బాయిలర్‌ను మాత్రం మార్చాల్సిందే.

మన ఊళ్లో ఇది మరీ పట్టించుకోవలసిన విషయం. మేఘాద్రిగెడ్డ, రైవాడ, తాటిపూడి జలాశయాల నుంచి వచ్చే కుళాయి నీళ్లు ఒక తీరు, అపార్ట్‌మెంటు బోరు నీళ్లు మరో తీరు. చాలాచోట్ల రెండూ ఒకే సంపులో కలుస్తాయి, ఎండాకాలంలో బోరు వాటా పెరుగుతుంది. సముద్రానికి దగ్గరగా ఉన్న బోర్లలో కాఠిన్యానికి (నీటిలోని సున్నపు గుణానికి) ఉప్పదనం కూడా తోడు కావచ్చు. అందుకే వానాకాలంలో ఒకసారి, మే నెలలో ఒకసారి పరీక్షించమంటాను. చేపల తొట్టెల సామాను అమ్మే దుకాణాల్లో చుక్కలు వేసి కాఠిన్యం చూసే కిట్ దొరుకుతుంది. కాల్షియం కార్బొనేట్ లెక్కలో లీటరుకు 50 నుంచి 100 మిల్లీగ్రాముల మధ్య ఉంటే రుచికీ మెషిన్‌కూ సరిపోతుంది.

అపోహ: ఆర్వో నీళ్లు పోస్తే ఇక ఏ బాధా ఉండదు.

సున్నం పట్టదన్నంత వరకు నిజం. అయితే ఖనిజాలు దాదాపు లేని నీళ్లతో షాట్ (ఒక్కసారి దిగే ఎస్ప్రెస్సో) చప్పగా వస్తుంది, ఆ నీళ్లు లోహపు భాగాలను త్వరగా తినేసే అవకాశం కూడా ఉంది. కొన్ని మెషిన్లలో నీటిమట్టాన్ని పసిగట్టే సెన్సరు నీటి విద్యుత్ వాహకత మీదే ఆధారపడుతుంది. అలాంటి వాటిలో స్వచ్ఛమైన ఆర్వో నీళ్లు పోస్తే నీళ్లున్నా లేవనుకుంటుంది. కలుపుకోవడమే దారి. మీ నీటి కాఠిన్యం 300 అనుకుందాం. మూడు పాళ్లు ఆర్వో నీటికి ఒక పాలు ఆ నీళ్లు కలిపితే సుమారు 75 దగ్గరికి వస్తుంది. నోటికి ఉప్పగా తగిలే బోరు నీళ్లను మాత్రం ఇలా కూడా వాడకండి. సాఫ్ట్‌నర్ పెట్టించినా లాభం లేదు. అది కాల్షియం స్థానంలో సోడియం పెడుతుందే తప్ప క్లోరైడ్‌ను తీయదు.

అపోహ: అప్పుడప్పుడు వెనిగర్ తిప్పితే లోపలంతా శుభ్రమైపోతుంది.

లోపల చేరే మురికి రెండు రకాలు. నీళ్లు తెచ్చేది సున్నం, అది ఆమ్లానికి కరుగుతుంది. కాఫీ వదిలేది నూనె జిడ్డు, దాని మీద ఆమ్లం పనిచేయదు, క్షార గుణమున్న డిటర్జెంటు పొడి కావాలి. వెనిగర్ వాసన చాలా రోజులు వదలదు, రబ్బరు వాషర్లకూ మంచిది కాదు. సున్నానికి లీటరు నీటిలో 20 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, కొంత గ్రూప్ హెడ్ (కాఫీ దిగే తల భాగం) నుంచి, కొంత స్టీమ్ గొట్టం నుంచి వదిలి, ఇరవై నిమిషాలు ఆగి, తర్వాత రెండు ట్యాంకుల మంచినీళ్లతో కడగండి. బాయిలర్ అల్యూమినియందైతే అంతసేపు ఉంచవద్దు. పెద్ద బాయిలర్లు ఉన్న ఖరీదైన మెషిన్లకు ముందు తయారీదారు సూచనలు చదవండి. ఊడిన సున్నపు పెచ్చు సన్నని దారిలో అడ్డుపడి, బాగా నడుస్తున్న మెషిన్ ఆగిపోవడం నేను చూశాను.

జిడ్డుకు చేసేది బ్యాక్‌ఫ్లష్, అంటే నీటిని వెనక్కి తోసి కడగడం. రంధ్రాలు లేని బాస్కెట్‌లో (కాఫీ పొడి వేసే గిన్నె లాంటిదే) అర చెంచా డిటర్జెంటు వేసి, పది సెకన్లు పంపు నడిపి, పది సెకన్లు ఆపి, ఇలా ఐదుసార్లు. ఆ తర్వాత ఉత్త నీళ్లతో అదే పని. మీ మెషిన్‌లో మూడు దారుల వాల్వ్ ఉంటేనే ఇది చేయాలి. షాట్ ఆపగానే విడిగా ఒక గొట్టంలోంచి కింది ట్రేలోకి నీళ్లు చిమ్మితే ఆ వాల్వ్ ఉన్నట్టు. లేకుంటే లోపల ఒత్తిడి బయటికి పోయే దారి ఉండదు, పోర్టాఫిల్టర్ (బాస్కెట్‌ను పట్టుకునే పిడి) తిప్పగానే వేడినీళ్లు చేతి మీదికి ఎగజిమ్ముతాయి. దయచేసి ప్రయత్నించకండి.

అపోహ: 9 బార్ కన్నా 15 బార్ మెషిన్ మంచిది.

బార్ అంటే ఒత్తిడి కొలత. పెట్టె మీద రాసిన 15 అనేది పంపు గరిష్ఠ సామర్థ్యం. స్కూటరు మీటరులో 120 రాసి ఉన్నా బీచ్ రోడ్డులో ఆ వేగంతో వెళ్లం కదా. కాఫీకి కావలసింది సుమారు 9 బార్లు.

అపోహ: క్రెమా (కాఫీ పైన తేలే నురుగు) దట్టంగా ఉంటేనే మంచి ఎస్ప్రెస్సో.

మిలాన్‌లో అకిల్లే గాజియా 1948లో తెచ్చిన లివర్ (చేత్తో లాగే పిడి ఉన్న) మెషిన్లతో ఈ నురుగు లోకానికి పరిచయమైంది. వేయించిన గింజలో ఉండిపోయిన కార్బన్ డయాక్సైడే దానికి మూలం. రోబస్టా రకం గింజలు కలిస్తే క్రెమా దట్టంగా వస్తుంది. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన మన అరకు కాఫీ అరబికా రకం. దానికి క్రెమా కాస్త పలచగా ఉంటే అది లోపం కాదు. అడుగున రెండు పొరలున్న బాస్కెట్ అయితే పాత పొడితో కూడా నురుగు తెప్పిస్తుంది, కాబట్టి నురుగును చూసి రుచిని తేల్చకండి. 18 గ్రాముల పొడికి 36 గ్రాముల కాఫీ 25 నుంచి 30 సెకన్లలో దిగుతోందా, అది చూడండి. మన ఊరి ఉక్కపోతలో గ్రైండర్ అమరిక నిన్నటిది ఇవాళ పనిచేయకపోవచ్చు, కొద్దిగా సరిచేసుకోవాలి. గింజల డబ్బాను ఫ్రిజ్‌లో పెట్టి రోజూ తీసి తెరిస్తే లోపల తేమ చేరుతుంది.

చికోరీ కలిసిన ఫిల్టర్ కాఫీ పొడి డికాక్షన్‌కే బాగుంటుంది. ఎస్ప్రెస్సో బాస్కెట్‌లో అది నీటి దారిని మూసేస్తుంది. పాలు నురగ తీసిన వెంటనే స్టీమ్ గొట్టాన్ని తడిగుడ్డతో తుడిచి, ఒక్క క్షణం ఆవిరి వదలండి. ఆలస్యమైతే ఎండిన పాలు రంధ్రాలను మూసేస్తాయి.

అపోహ: అమెరికా నుంచి తెచ్చిన మెషిన్‌కు ట్రాన్స్‌ఫార్మర్ పెడితే అక్కడిలాగే పనిచేస్తుంది.

పిల్లలు అక్కడ ఉన్న ఇళ్లలో ఇది తరచూ ఎదురవుతుంది. 120 వోల్టుల హీటరుకు నేరుగా 230 ఇస్తే మూడున్నర రెట్లకు పైగా శక్తి లాగి కాలిపోతుంది, కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ తప్పదు. 1500 వాట్ల మెషిన్‌కు కనీసం 2000 వాట్లది కావాలి. కానీ అది వోల్టేజీని మారుస్తుందే తప్ప ఫ్రీక్వెన్సీని మార్చదు. అక్కడ 60 హెర్ట్జ్, ఇక్కడ 50. ఇళ్ల మెషిన్లలో ఎక్కువగా ఉండే వైబ్రేషన్ పంపు కరెంటు లయకే కొట్టుకుంటుంది కాబట్టి ఇక్కడ దాని దెబ్బలు ఆరో వంతు తగ్గుతాయి. నీటి ధార మారితే గ్రైండ్ (పొడి మెత్తదనం) కూడా కొత్తగా కుదుర్చుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం ఎర్తింగ్. కొన్ని చవక ట్రాన్స్‌ఫార్మర్లలో మూడో పిన్ను పేరుకే ఉంటుంది. ప్లగ్ పెట్టకముందే, బయటికి వచ్చే వైపు కూడా ఎర్త్ కలిసి ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి.