ఏడబ్ల్యూఎస్ బిజినెస్ అకౌంట్: అపోహలు - వాస్తవాలు

ఇండియా అడ్రస్‌తో ఏడబ్ల్యూఎస్ (సర్వర్లు అద్దెకిచ్చే అమెజాన్ క్లౌడ్ సర్వీసు) అకౌంట్ తెరిచే చిన్న కంపెనీల కోసం ఇది. సర్వర్ సైజు తప్పుగా ఎంచుకుంటే పది నిమిషాల్లో మార్చుకోవచ్చు. పేరు, మెయిల్, జీఎస్టీ దగ్గర జరిగే పొరపాట్లే నెలల తరబడి పీడిస్తాయి.

అపోహ: ముందు డెవలపర్ జీమెయిల్‌తో తెరిచేద్దాం, కంపెనీ పేరుకి తర్వాత మార్చుకుందాం.

వాస్తవం: ఏ మెయిల్‌తో తెరిచారో అదే రూట్ యూజర్, అంటే అకౌంట్ మీద పూర్తి అధికారం ఉన్న లాగిన్. ఆ మెయిల్ ఎవరి చేతిలో ఉంటే అకౌంట్ వాళ్లదే, మూసేయగలరు కూడా. మెయిల్ మార్చవచ్చు, నిజమే. కాకపోతే మార్చడానికి ఆ రూట్‌తోనే లాగిన్ అవ్వాలి. ఆ కుర్రాడు ఉద్యోగం మానేశాక, ఎంఎఫ్ఏ కోడ్ (పాస్‌వర్డ్ తర్వాత అడిగే రెండో కోడ్) అతని ఫోన్‌కే వస్తుంటే, ఇక బతిమాలుకోవడమే. అందుకే మొదటి రోజే కంపెనీ డొమైన్ మీద ఇద్దరు ముగ్గురికి చేరే గ్రూప్ మెయిల్ పెట్టి దానితో తెరవండి. రూట్‌కి 8 ఎంఎఫ్ఏ పరికరాల దాకా జోడించవచ్చు: ఒకటి యజమాని ఫోన్, ఇంకొకటి బీరువాలో దాచిన హార్డ్‌వేర్ కీ.

ఇందులో చాలామంది చూడని మెలిక ఒకటుంది. ఆ డొమైన్ డీఎన్ఎస్‌ని (మెయిల్, సైట్ ఏ సర్వర్‌కి వెళ్లాలో చెప్పే రికార్డులు) అదే అకౌంట్‌లోని రూట్ 53 అనే డీఎన్ఎస్ సర్వీసులో పెడితే, బాకీ పడి అకౌంట్ సస్పెండ్ అయిన రోజున మెయిల్ కూడా ఆగిపోయే ప్రమాదం ఉంది. పాస్‌వర్డ్ రీసెట్ లింక్ రావాల్సింది ఆ మెయిల్‌కే! రూట్ మెయిల్ డొమైన్ డీఎన్ఎస్‌ని వేరేచోట ఉంచండి.

అపోహ: జీఎస్టీ నంబర్ ఏడాది చివర ఆడిటర్ అడిగినప్పుడు ఇస్తే సరి.

వాస్తవం: బిల్లు మీద 18% జీఎస్టీ పడుతుంది. ట్యాక్స్ సెట్టింగ్స్‌లో జీఎస్టీఐఎన్ (మీ జీఎస్టీ నంబర్) లేకపోతే ఆ ఇన్వాయిస్ మీ జీఎస్టీఆర్-2బీలోకి (జీఎస్టీ పోర్టల్‌లో మీ కొనుగోళ్ల క్రెడిట్ చూపే నెలవారీ పట్టిక) రాదు, ఇన్‌పుట్ క్రెడిట్ (కట్టిన జీఎస్టీని మీరు కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవడం) అందదు. నెలకు ₹40,000 వాడకం ఉంటే ₹7,200 పోయినట్టే. నంబర్ ఎక్కించినా తర్వాత వచ్చే ఇన్వాయిస్‌లకే లెక్క. పేరు, అడ్రస్ జీఎస్టీ సర్టిఫికెట్‌లో ఉన్నట్టే రాయాలి. రెండు రాష్ట్రాల్లో రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు 36 (తెలంగాణ), 37 (ఆంధ్రప్రదేశ్) తారుమారు కాకుండా చూసుకోవాలి; నంబర్‌లో మొదటి రెండంకెలు రాష్ట్రం కోడ్.

అపోహ: కార్డు ఇచ్చేశాం, డబ్బులు వాటంతటవే కట్ అవుతాయి.

వాస్తవం: ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం ₹15,000 దాటిన ఆటో డెబిట్‌కి ఓటీపీ తప్పదు. వాడకం ₹12,800 అయితే జీఎస్టీతో ₹15,104, గీత దాటేసింది. కొన్ని నెలలు సాఫీగా నడిచాక, వ్యాపారం పెరిగిన నెలలోనే పేమెంట్ ఫెయిలవుతుంది. బిల్లింగ్ కాంటాక్ట్‌గా అకౌంట్స్ చూసేవాళ్ల మెయిల్ విడిగా పెడితే, నెల మొదటి వారంలో వాళ్లే చూసి కడతారు.

అపోహ: మొదటి ఏడాది ఫ్రీ.

వాస్తవం: అది పాత పద్ధతి. 2025 జులై 15 నుంచి కొత్త అకౌంట్లకు మొదట 100 డాలర్ల క్రెడిట్, కొన్ని పనులు పూర్తి చేస్తే మరో 100 దాకా ఇస్తున్నారు. ఫ్రీ ప్లాన్ 6 నెలలకో, క్రెడిట్ అయిపోగానేనో, ఏది ముందైతే అప్పటికి ముగుస్తుంది. కస్టమర్లు వాడే సైట్‌కి అది పనికిరాదు. పెయిడ్ ప్లాన్‌లోనూ ఆ క్రెడిట్ వర్తిస్తుంది, అదే తీసుకోండి.

అపోహ: బడ్జెట్ పెడితే ఖర్చు అక్కడ ఆగుతుంది.

వాస్తవం: మామూలుగా మెయిల్ వస్తుంది, అంతే; ఖర్చు దానంతటదే ఆగదు. అదీ కొన్ని గంటలు ఆలస్యంగా. ఈసీ2 సర్వర్‌ని (ఏడబ్ల్యూఎస్‌లో అద్దెకు తీసుకునే సర్వర్) స్టాప్ చేసినా డిస్క్‌కి, ఎలాస్టిక్ ఐపీకి (సర్వర్‌కి ఇచ్చే మారని ఇంటర్నెట్ అడ్రస్) మీటర్ తిరుగుతూనే ఉంటుంది. ఐపీకి గంటకు 0.005 డాలర్లు, అంటే నెలకు దాదాపు 3.6 డాలర్లు.

అపోహ: హైదరాబాద్ రీజియన్ (ఏడబ్ల్యూఎస్ సర్వర్లున్న ప్రాంతం) మాకు కనిపించడం లేదు, ఏదో లోపం ఉంది.

వాస్తవం: లోపం లేదు. 2022 నవంబర్‌లో మొదలైన ఆ రీజియన్‌ని అకౌంట్ పేజీలో మీరే ఎనేబుల్ చేయాలి. ముంబైకి ఆ అవసరం లేదు. ముంబైలో ఉన్న ప్రతి సర్వీసూ హైదరాబాద్‌లో దొరుకుతుందనుకోకండి, మీకు కావలసినవి ఉన్నాయో లేదో ముందు చూసుకోండి.

అకౌంట్ మూసేసే ఆలోచన ఉంటే ముందు రూట్ మెయిల్ మార్చండి. మూసిన అకౌంట్ మెయిల్‌తో మళ్లీ కొత్తది తెరవనివ్వరు.