తామర మందుకు లొంగని మచ్చ

చర్మ క్యాన్సర్ అనగానే ఎండకు కమిలిపోయే తెల్లవాళ్ల చర్మమే గుర్తొస్తుంది. చర్మం పైపొర కణాల్లో పుట్టే స్క్వామస్ సెల్ క్యాన్సర్‌కి వాళ్లలో ఎండే పెద్ద కారణం. మనకు చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కొంత గొడుగు పడుతుంది గానీ, ఈ జబ్బుకు ఇంకో దారి ఉంది: పాత కాలిన మచ్చలు, ఏళ్ల తరబడి మానని పుండ్లు, రోజూ ఒరుసుకునే చోట్లు. కాశ్మీరులో ఫెరన్ అనే వదులు అంగీ కింద కాంగ్డీ అనే నిప్పుల కుంపటి పెట్టుకునేవాళ్లకు పొట్ట మీద, తొడల మీద వస్తుంది. చీర కట్టే ఆడవాళ్లలో లంగా బొందు బిగిసే నడుము దగ్గర అరుదుగా కనిపిస్తుంది. వైద్య పత్రికలు దానికి ‘చీర క్యాన్సర్’ అని పేరే పెట్టాయి. పాపం, తప్పు చీరది కాదు, బొందుది!

తొలిదశలో స్క్వామస్ క్యాన్సర్‌ని పోల్చుకోవడమే కష్టం. 1912లో అమెరికా చర్మవైద్యుడు జాన్ బోవెన్ వర్ణించిన బోవెన్ వ్యాధిలో క్యాన్సర్ కణాలు ఇంకా చర్మం పైపొర దాటి కిందికి దిగవు. పైకి కనిపించేది పొట్టు లేచే ఒక ఎర్రటి మచ్చ, మన రంగు మీద నల్లగానూ ఉండొచ్చు. చూడ్డానికి తామరే. మందుల షాపులో ఒక ట్యూబ్ ఇస్తారు. అందులో స్టెరాయిడ్ ఉంటే ఎరుపు తగ్గి, కొన్నాళ్లు నయమైనట్టే అనిపిస్తుంది.

తామరైతే అంచు పాకుతూ పోతుంటే నడుమ చర్మం తేరుకుంటుంది, దురద నిద్రపోనివ్వదు. పొట్టు గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపు కింద పెడితే ఫంగస్ పోగులు కనిపిస్తాయి. పొట్టు లేచే ఇంకో చర్మవ్యాధి సోరియాసిస్ సాధారణంగా మోచేతులు, మోకాళ్లు, తల అంటూ రెండు పక్కలా వస్తుంది. బోవెన్ మచ్చ చాలామందిలో ఒక్కటే ఉంటుంది. తామర మందుకు లొంగదు, నెలలూ ఏళ్లూ మెల్లగా పెరుగుతూనే ఉంటుంది.

ఉబ్బెత్తుగా లేస్తే పులిపిరి అనుకుంటారు. డాక్టరు పులిపిరి పైభాగాన్ని చెక్కితే లోపల సన్నటి నల్ల చుక్కలు బయటపడతాయి. అవి రక్తం గడ్డకట్టిన నాళాలు. క్యాన్సర్ గడ్డ అడుగు గట్టిగా ఉంటుంది, చిన్న రాపిడికే రక్తం వస్తుంది. చర్మానికి వచ్చే క్షయలో ఒక రకం కూడా పులిపిరిలాగే ఉంటుంది కాబట్టి ఇక్కడ కంటిని పూర్తిగా నమ్మలేం.

అన్నిటికంటే తికమక పెట్టేది కెరటోఅకాంథోమా అనే చర్మపు గడ్డ. కొద్ది వారాల్లోనే గోపురంలా లేస్తుంది, నడిమధ్య గుంటలో కొమ్ములాంటి గట్టి పదార్థం నిండి ఉంటుంది. తరచూ దానంతటదే కరిగిపోతుంది. మైక్రోస్కోపు కింద మాత్రం స్క్వామస్ క్యాన్సర్‌ని తలపిస్తుంది! గడ్డ ఆకారం మొత్తం కనబడితే తప్ప తేల్చలేరు, కాబట్టి పరీక్షకు పైపైన గీరిన పొర చాలదు. వీలైతే గడ్డంతా తీస్తారు, లేదా అంచు నుంచి అడుగుదాకా లోతుగా కోస్తారు.

“కత్తి పెడితే పాకుతుంది” అని ఇంట్లో పెద్దవాళ్లు ముక్క పరీక్ష (బయాప్సీ) వద్దంటారు. ఆ భయానికి ఆధారం లేదు. అసలు జాగ్రత్త ముక్క ఎక్కణ్నుంచి తీశారన్న దాంట్లో ఉంది. పుండు నడుమ చచ్చిన కణాలే దొరకొచ్చు, అంచున తీసిన ముక్కే పనికొస్తుంది. పాత కాలిన మచ్చ మీద లేచిన పుండులో మొదటిసారి క్యాన్సర్ లేదని వచ్చినా, పుండు మానకపోతే మళ్లీ ఇంకో చోట ముక్క తీస్తారు.