డిజైన్ ప్రాజెక్టుకి ముందు పిల్లల ప్రశ్నలు: అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని పర్లాకిమిడి చుట్టుపక్కల బడుల్లో పిల్లల చేత డిజైన్ ప్రాజెక్టులు, అంటే ఊళ్లో ఉన్న ఒక సమస్యకి పరిష్కారం ఆలోచించి మోడల్ చేసే పనులు, చేయిస్తుంటాను. మోడల్ మొదలెట్టేముందు పిల్లల్ని ప్రశ్నలు అడగనివ్వడం గురించి టీచర్ల దగ్గర, తల్లిదండ్రుల దగ్గర తరచూ వినే మాటల మీద ఈ పోస్టు.

అపోహ: మొదటి క్లాసులన్నీ మాటలతోనే గడిపేస్తే మోడల్ ఎప్పటికి పూర్తవుతుంది?

వాస్తవం: మాట్లాడుకోకుండా మొదలెడితేనే ఎక్కువ టైము పోతుంది. థర్మాకోల్ చేతికిచ్చి, పోయినేడు ఎవరో చేసిన మోడల్ చూపించామంటే అందరూ దాన్నే దించేస్తారు, అందులోని లోపాలతో సహా. అనుభవమున్న డిజైనర్లు కూడా ఇలాగే చిక్కుకుంటారని జాన్సన్, స్మిత్ అనే పరిశోధకులు 1991లోనే చూపించారు. ముందు ప్రశ్నలడిగితే ఏమవుతుందో చూడాలంటే జైపూర్ కాలు అనే కృత్రిమ కాలు సంగతే తీసుకోండి. అప్పట్లో దొరికే విదేశీ కృత్రిమ పాదం బూటు వేసుకునేవాళ్ల కోసం చేసింది, మనవాళ్లేమో బాసింపట్టు వేసుకుని కూర్చుంటారు, గొంతుక్కూర్చుంటారు, చెప్పుల్లేకుండా పొలంలోకి దిగుతారు. ఈ కాలు పెట్టుకున్న మనిషి రోజంతా ఏమేం చేస్తాడు అన్నది పట్టించుకున్నారు కాబట్టే డాక్టర్ పి.కె. సేథీ, శిల్పి రామచంద్ర శర్మ 1968లో వేరే పాదం తయారుచేయగలిగారు.

మా దగ్గర బోరింగు చుట్టూ నీళ్లు నిలవడం మామూలే. "దీనికేదైనా చేయండి" అంటే పిల్లలు వెంటనే సిమెంటు కాలువ గీసేస్తారు. అదే ముందు ప్రశ్నలు అడగనిస్తే, "ఆ నీళ్లు మా మేకలు తాగుతాయి కదా సార్, కాలువ కట్టేస్తే అవెక్కడికెళ్తాయి?" అంటుంది ఒక పిల్ల. ఇక డ్రాయింగే మారిపోతుంది: మేకలకో తొట్టి, అందులోంచి పొర్లినవి అరటిమొక్కలకి. నేను ఇరవై నిమిషాలు బోర్డు మీద రాసినా రాని సంగతి అది.

అపోహ: ఎవరూ ఏమీ అడగలేదంటే అందరికీ అర్థమైనట్టే.

వాస్తవం: కానే కాదు. టీచర్లు ప్రశ్న వేసి సగటున ఒక సెకను కూడా ఆగడం లేదని అమెరికా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970ల్లో గమనించారు. కనీసం 3 సెకన్లు ఆగితే జవాబులు పెద్దవవుతాయి, పిల్లలు తమంతట తాము అడగడమూ పెరుగుతుంది. మన దగ్గర ఇంకో చిక్కుంది. పాఠం ఒడియాలోనో ఇంగ్లీషులోనో, ఇంట్లో తెలుగు, కొండమీది పిల్లలకైతే సవర, దాంతో ప్రశ్న మనసులో పుట్టినా దాన్ని క్లాసు భాషలోకి మార్చుకునేసరికి అవతల పాఠం ముందుకెళ్లిపోతుంది. గిడుగు రామమూర్తి పంతులుగారు సవర నేర్చుకుని, ఆ పిల్లలకి వాళ్ల భాషలోనే పుస్తకాలు రాసిన ఊరిది. ఇక్కడ "ఇంగ్లీషులో అడుగు" అంటుంటే నాకు నిజంగా బాధేస్తుంది. ఏ భాషలో వస్తే ఆ భాషలో అడగనివ్వండి, పక్కనున్నవాళ్లు అర్థం చెబుతారు.

అపోహ: అందర్నీ గుంపుగా కూర్చోబెడితే ఆలోచనలు వాటంతటవే వస్తాయి.

వాస్తవం: గుంపులో ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి, ఆగేలోపు అనుకున్నది మర్చిపోతారు. ఇలా వంతు కోసం ఆగాల్సి రావడం వల్లే ముఖ్యంగా గుంపులో ఆలోచనలు తగ్గుతాయని డీల్, స్ట్రోబె అనే పరిశోధకులు 1987లో చేసిన ప్రయోగాల్లో తేలింది. అందుకే ముందు అయిదు నిమిషాలు ఎవరి చీటీ మీద వాళ్లు ప్రశ్నలు రాసుకోవాలి, గుంపులో కూర్చోవడం ఆ తర్వాతే. గట్టిగా మాట్లాడే ఇద్దరు ముగ్గురి ఆలోచనే క్లాసు మొత్తానిదైపోకుండా ఉంటుంది.

అపోహ: జవాబు తెలియకపోతే టీచరు పరువు పోతుంది.

వాస్తవం: "బోరింగు బాగుచేసే మెకానిక్‌ని అడుగుదాం పదండి" అంటే సరిపోతుంది. ప్రశ్నలన్నీ ఒక చార్టు మీద అతికించి గోడకి పెట్టండి, జవాబు దొరికినవాటికి పిల్లల చేతే టిక్కు పెట్టించండి, దొరకనివాటిని మోడల్ పూర్తయ్యాక కూడా తీసేయకండి.