స్టోరేజ్ ఫెన్సింగ్: డిస్క్ మూసుకుంటే నోడ్ పోయినట్టేనా? అపోహలు – వాస్తవాలు

మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో లినక్స్ అడ్మిన్ పోస్టులకు వచ్చేవాళ్లను ఇంటర్వ్యూ చేస్తుంటాను. ఒకటి పడితే ఇంకొకటి పని అందుకునేలా కలిపిన సర్వర్ల గుంపు క్లస్టర్, అందులో ఒక్కో సర్వర్ ఒక నోడ్; చెడిన నోడ్ షేర్డ్ డేటాను పాడుచేయకుండా అడ్డుకోవడమే ఫెన్సింగ్. ఫెన్సింగ్ అంటే ఏమిటని అడిగితే ఎక్కువమంది చెప్పేది ఒకటే: "పాడైన నోడ్‌ను క్లస్టర్ చంపేస్తుంది సార్." అమీర్‌పేట కోచింగ్ నోట్సులోనూ ఇదే ఉంటుంది. ఐపీఎంఐ (సర్వర్‌ను దూరం నుంచి ఆన్-ఆఫ్ చేసే ఏర్పాటు) ద్వారానో పీడీయూ (రాక్‌లోని సర్వర్లకు కరెంటు పంచే పెట్టె) ద్వారానో కరెంటు తీసేసే పద్ధతికైతే ఈ జవాబు సరిపోతుంది. చిక్కంతా స్టోరేజ్ పద్ధతుల దగ్గరే.

అపోహ: ఫెన్స్ సక్సెస్ అని వచ్చిందంటే ఆ నోడ్ ఆగిపోయినట్టే.

వాస్తవం: ఫెన్స్_స్కజీ (షేర్డ్ డిస్క్ ద్వారా ఫెన్స్ చేసే ప్రోగ్రాం) ఏ నోడ్‌నూ ఆపదు. ప్రతి నోడూ షేర్డ్ డిస్క్ దగ్గర తన కీ రిజిస్టర్ చేసుకుంటుంది. కీ ఉన్నవాళ్లకే రాసే హక్కు; డిస్క్‌లోని ఈ ఏర్పాటు పేరే పర్సిస్టెంట్ రిజర్వేషన్. బాగున్న నోడ్ 'ప్రీఎంప్ట్ అండ్ అబార్ట్' కమాండ్ పంపి చెడిన నోడ్ కీని తీయించేస్తుంది. అక్కడితో ఫెన్స్_స్కజీ పని అయిపోయింది. ఇంటి తాళం మార్చాం కానీ మనిషి వీధిలోనే తిరుగుతున్నాడు.

నమ్మకం కుదరకపోతే టెస్ట్ సెటప్‌లో చేసి చూడండి. వర్చువల్ ఐపీ (సర్వీసుతో పాటు నోడ్ మారే అడ్రస్) నడుస్తున్న నోడ్‌లో కోరోసింక్ (నోడ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ప్రోగ్రాం) ప్రాసెస్‌కు స్టాప్ సిగ్నల్ ఇవ్వండి. రెండో నోడ్ కాసేపు చూసి, ఫెన్స్ చేసి, సర్వీసులన్నీ తన దగ్గర లేపుతుంది. క్లస్టర్ స్థితి చూపే పీసీఎస్ స్టేటస్‌లో అంతా పచ్చగా కనిపిస్తుంది. ఇప్పుడు మొదటి నోడ్‌లో 'ఐపీ అడ్రస్ షో' కొట్టండి. వర్చువల్ ఐపీ అక్కడా ఉంటుంది, ఇక్కడా ఉంటుంది. ఏఆర్‌పీకి ('ఈ ఐపీ ఎవరిది?' అనే నెట్‌వర్క్ ప్రశ్నకు) ఇద్దరూ జవాబిస్తారు కాబట్టి కొందరు క్లయింట్లు పాత నోడ్‌కే వెళ్లే ప్రమాదం ఉంది. "అన్నా, ఫెన్స్ అయింది కదా, ఇంకా పింగ్ ఎందుకొస్తోంది?" అని జూనియర్లు టెన్షన్ పడేది ఇక్కడే.

పైగా ఈ రకం రిజర్వేషన్‌లో అడ్డుపడేది రాయడానికే, చదవడానికి కాదు. డేటాబేస్ అయితే లాగ్ రాయలేక త్వరలోనే పడిపోతుంది. కేవలం చదివి చూపించే అప్లికేషన్ మాత్రం మెమొరీలో ఉన్న పాత డేటానే హాయిగా వడ్డిస్తూ ఉంటుంది.

దీనికి మందు వాచ్‌డాగ్, అంటే నిర్ణీత సమయంలో పలకరింపు రాకపోతే సర్వర్‌ను రీసెట్ చేసే టైమర్. ఫెన్స్_స్కజీ_చెక్ స్క్రిప్టును వాచ్‌డాగ్ సర్వీసుకు తగిలిస్తే, కీ పోయిందని తెలియగానే నోడ్ తనంతట తాను రీబూట్ అవుతుంది. ఇది లేకుండా ప్రొడక్షన్‌కు వెళ్లడం నా దృష్టిలో సగం పని. రీబూట్ చేయకుండా చేత్తో కీ మళ్లీ రిజిస్టర్ చేయడం ఇంకా ప్రమాదం. మెమొరీలో ఆగిపోయిన పాత రాతలేమైనా ఉంటే అవి డిస్క్ మీదికి దిగొచ్చు.

అపోహ: ఎస్‌బీడీ (షేర్డ్ డిస్క్‌లో సందేశం రాసి ఫెన్స్ చేసే పద్ధతి) పెట్టాం, అది డిస్క్ నుంచే నోడ్‌ను చంపుతుంది.

వాస్తవం: డిస్క్ ఎవరినీ చంపదు. అది ఉత్తరం పెట్టే చోటు మాత్రమే. ఒక నోడ్ రెండో నోడ్ స్లాట్‌లో 'చచ్చిపో' అని రాస్తుంది. అది చదివి రెండోది తానే రీబూట్ కావాలి. చదవలేని స్థితిలో ఉంటే వాచ్‌డాగే రీసెట్ చేయాలి. రాసిన నోడ్ ఎంఎస్‌జీవెయిట్ (సందేశం రాశాక ఆగాల్సిన గడువు) అంత సమయం ఆగి, అవతలిది పోయిందని అనుకుంటుంది. అనుకోవడమే, చూసి నిర్ధారించుకోవడం కాదు. కాబట్టి భారమంతా వాచ్‌డాగ్ మీదే. సాఫ్ట్‌డాగ్ (సాఫ్ట్‌వేర్‌తో నడిచే వాచ్‌డాగ్) అదే కెర్నల్‌లో బతుకుతుంది. కెర్నల్ పూర్తిగా బిగుసుకుపోతే అదీ బిగుసుకుపోవచ్చు. హార్డ్‌వేర్ వాచ్‌డాగ్ దొరికే చోట సాఫ్ట్‌డాగ్ వాడకండి.

టైమింగ్ కూడా చూసుకోవాలి. వాచ్‌డాగ్ టైమౌట్ డిఫాల్ట్‌గా 5 సెకన్లు, ఎంఎస్‌జీవెయిట్ 10. రెండోది మొదటిదానికి కనీసం రెట్టింపు ఉండాలి, స్టోనిత్ టైమౌట్ (ఫెన్సింగ్ పూర్తి కావడానికి క్లస్టర్ ఇచ్చే గడువు) దానికంటే ఎక్కువ ఉండాలి. మల్టీపాత్‌లో (డిస్క్‌కు ఒకటికి మించి దారులున్న ఏర్పాటులో) ఒక దారి పోయి ఇంకో దారికి మారడానికే 5 సెకన్లు దాటే సెటప్‌లో డిఫాల్టులు వదిలేస్తే, ఏ తప్పూ లేని నోడ్ రీబూట్ అయిపోతుంది. మూడు ఎస్‌బీడీ డిస్కులు పెట్టి మూడూ ఒకే స్టోరేజ్ బాక్స్ నుంచి తీసుకుంటే ఒరిగేదేమీ లేదు.

అపోహ: శాన్ (సర్వర్లను స్టోరేజ్‌కు కలిపే నెట్‌వర్క్) స్విచ్‌లో పోర్టు మూసేస్తే చాలు.

వాస్తవం: రెండు హెచ్‌బీఏలు (స్టోరేజ్‌కు కలిపే కార్డులు), రెండు ఫ్యాబ్రిక్‌లు (వేర్వేరు శాన్ స్విచ్ దారులు) ఉన్న సర్వర్‌కు ఒక పోర్టు మూస్తే రెండో దారి తెరిచే ఉంటుంది. అన్ని దారులూ మూయాలి. తర్వాత వాటిని తెరవడం గుర్తుపెట్టుకోవాల్సిందీ మనిషే.

అపోహ: ఏ డిస్క్ అయినా ఫర్వాలేదు.

వాస్తవం: ఫెన్స్_స్కజీకి పర్సిస్టెంట్ రిజర్వేషన్ తెలిసిన షేర్డ్ డిస్క్ కావాలి. డేటా ఎన్‌ఎఫ్‌ఎస్‌లో (నెట్‌వర్క్ మీద పంచుకునే ఫోల్డర్లలో) ఉంటే ఈ పద్ధతి దాన్ని కాపాడదు. ఎస్‌బీడీ డిస్క్‌ను డీఆర్‌బీడీ (నెట్‌వర్క్ ద్వారా రెండు సర్వర్ల డిస్కులను ఒకేలా ఉంచేది) మీదా, సర్వర్ చేసే సాఫ్ట్‌వేర్ రెయిడ్ (కొన్ని డిస్కులను ఒకటిగా కలిపేది) మీదా పెట్టకూడదు.

అపోహ: అయితే స్టోరేజ్ ఫెన్సింగ్ దండగ.

వాస్తవం: కానే కాదు. ఎండాకాలంలో కరెంటు పోయి, యూపీఎస్ కూడా చేతులెత్తేసి ఒక రాక్ మొత్తం ఆరిపోయిందనుకోండి. సర్వర్‌తో పాటు దాని ఐపీఎంఐ కూడా పోతుంది. జవాబు రాదు, ఫెన్సింగ్ ఫెయిల్ అవుతూనే ఉంటుంది, సర్వీసులు లేవవు. అక్కడ రెండో లెవెల్‌లో ఫెన్స్_స్కజీ ఉంటే క్లస్టర్ ముందుకు కదులుతుంది, ఎందుకంటే దానికి అవతలి నోడ్ పలకాల్సిన అవసరం లేదు. నేను పెట్టే వరుస ఇదే: మొదట పవర్, తర్వాత స్టోరేజ్. కానీ ఐపీఎంఐ కేబుల్ మాత్రమే ఊడి, సర్వర్ బతికే ఉన్నప్పుడు కూడా ఆ రెండో లెవెలే పనిచేస్తుంది. అందుకే వాచ్‌డాగ్ స్క్రిప్టు అప్పుడూ ఉండాల్సిందే.