అమ్మ గొంతే కొక్కెం అయిపోతే

ఒక పాఠకురాలు అడిగారు: "నాకు ముప్పై నాలుగేళ్లు. ఫ్రిజ్ తలుపు తీసి, ఎందుకు తీశానో గుర్తురాక అలాగే నిలబడిపోతున్నాను. మా బాబుకి ఏడేళ్లు. పళ్లు తోముకోమని పొద్దున నాలుగుసార్లు, రాత్రి నాలుగుసార్లు చెప్తే గానీ కదలడు. నాకేమైనా మతిమరుపు జబ్బు మొదలైందంటారా?"

రెండు వేరే ప్రశ్నల్ని ఒక్క ఊపులో అడిగేశారు అనుకున్నాను ముందు. మళ్లీ చదివితే రెండూ ఒకటే అనిపించింది. జబ్బు సంగతి ఒక్క మాటలో తేల్చేస్తాను: ఈ వయసులో ఫ్రిజ్ ముందు నిలబడిపోవటం దాదాపు ఎప్పుడూ జబ్బు కాదు, నిద్ర చాలకపోవటం, బుర్ర నిండిపోవటం. అయినా టెన్షన్ తగ్గకపోతే డాక్టర్‌ని అడగండి, మెమరీ టానిక్ మాత్రం కొనకండి.

నన్ను పట్టుకుని వదలని సంగతి వేరే ఉంది. జ్ఞాపకం అనగానే జరిగిపోయినది గుర్తుండటం అనుకుంటాం కదా. జరగాల్సినది సరిగ్గా ఆ వేళకి గుర్తుకు రావటం కూడా జ్ఞాపకమే, దీన్ని ప్రాస్పెక్టివ్ మెమరీ అంటారు. 1990లో ఐన్‌స్టైన్ (ఆ ఐన్‌స్టైన్ కాదు, గిల్ ఐన్‌స్టైన్), మార్క్ మెక్‌డేనియల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇందులో రెండు రకాలు చూపించారు. ఒకటి, ఎదురుగా ఏదో కనబడి గుర్తుచేసేది: స్నేహితురాలు కనిపించగానే ఆవిడకి ఇవ్వాల్సిన పుస్తకం గుర్తొస్తుంది. గోడకి కొక్కెం ఉంది, పని దానికి తగిలించి ఉంది. రెండోది టైము మీద ఆధారపడేది: నాలుగింటికి మందు వేయాలి. ఇక్కడ కొక్కెం లేదు, మీరే మధ్యమధ్యలో గడియారం చూసుకుంటూ ఉండాలి, ఇంకో పని చేస్తున్నా సరే లోపల ఒక మూల కాపలా నడుస్తూనే ఉండాలి. అలసట తెచ్చేది ఈ కాపలానే.

ఇంట్లో నలుగురుంటే ముగ్గురి పనులకి కొక్కెం ఎవరు? అమ్మే. చేతులు కడుక్కున్నావా, నీళ్లు తాగావా, స్క్రీన్ కట్టేశావా. వాళ్ల పనులన్నీ ఆవిడ గొంతుకి వేలాడుతుంటాయి. ఆవిడ గొంతుకి మాత్రం గడియారం తప్ప కొక్కెం లేదు.

ఇప్పుడు ఎలుకల దగ్గరికి వెళ్దాం. 1960ల చివర్లో లియాన్ కామిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశాడు. ముందు ఒక శబ్దం, వెంటనే చిన్న షాక్. శబ్దం వింటేనే ఎలుకలు బిగుసుకుపోయేదాకా ఇలా నేర్పాడు. తర్వాత శబ్దంతో పాటు ఒక దీపం కూడా వెలిగించి, అదే షాక్ ఇచ్చాడు, ఒకసారి కాదు, చాలాసార్లు. చివరికి దీపం ఒక్కటే వెలిగిస్తే ఎలుకలు దాదాపు పట్టించుకోలేదు. అన్నిసార్లు చూసినా దాన్నుంచి ఏమీ నేర్చుకోలేదన్నమాట, ఎందుకంటే చెప్పాల్సిందంతా శబ్దమే ముందుగా చెప్పేసింది. దీన్ని బ్లాకింగ్ అంటారు. క్లాసులో ఎన్నిసార్లు చెప్పినా నాకు విసుగు రాని పాఠం ఇదొక్కటే.

శబ్దం స్థానంలో అమ్మ గొంతు పెట్టండి. దీపం స్థానంలో మంచం దిగటం, బాత్రూమ్ తలుపు, అద్దం ముందున్న బ్రష్. ఇన్నాళ్లుగా పిల్లాడు రోజూ వాటి ముందుకి వెళ్తున్నాడు, కానీ బ్రష్ చేయాలని చెప్పేది గొంతే, అదీ నాలుగో పిలుపు. మొదటి మూడు పిలుపులకి కదలకపోయినా ఏమీ కాదని కూడా నేర్చుకున్నాడు, చాలా శ్రద్ధగా. ఎలుక భయానికీ పిల్లాడి బ్రష్‌కీ చాలా దూరముంది, ఈ అన్వయం నాది, కామిన్‌ది కాదు. అయినా మనం ఎంత బాగా గుర్తుచేస్తే ఆ పని వాడికి అంత తక్కువ గుర్తుంటుందన్న అనుమానం నాకు పోవటం లేదు.

మెదడులో చూస్తే ఇంకా బాగుంటుంది. ఎంఐటీలో ఆన్ గ్రేబియల్ బృందం ఎలుకల్ని చిన్న దారుల్లో పరుగెత్తిస్తూ, మెదడు లోతట్టున ఉండే స్ట్రయాటమ్ కణాల చప్పుడు విన్నారు. కొత్తలో దారి పొడవునా కణాలు మోగుతుంటాయి, అలవాటయ్యాక ఎక్కువగా మొదట్లో, చివర్లో మోగుతాయి, మధ్యలో చాలావరకు నిశ్శబ్దం. పని మొత్తం ఒక మూటైపోయింది, మూట ముడి మొదటి సూచన దగ్గర ఉంది. ఆ సూచన మీరైతే, ముడి మీ చేతిలోనే ఉండిపోతుంది. ఒత్తిడి పెరిగినప్పుడు నారడ్రినలిన్, డోపమిన్ అనే మెదడు రసాయనాల మోతాదు మించి, నుదుటి వెనక ఉండి మనల్ని ఆలోచించి నడిపించే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ పట్టు సడలుతుంది, అప్పుడు నడిచేది పాత అలవాటే. అంటే ఎనిమిదింటికి మీ అరుపు, వాడి మొండితనం రెండూ అలవాట్లే, రెండూ కలిసి చక్కగా అల్లుకుపోయాయి.

"ఏం చేయాలో చెప్తే చేస్తాను కదా" అనే భర్తల గురించి ఒక్క మాట. 2019లో ఆలిసన్ డామింగర్ అనే సామాజిక శాస్త్రవేత్త ఈ కనబడని పనిని నాలుగు ముక్కలు చేసింది: ముందే ఊహించటం, దారులు వెతకటం, నిర్ణయించటం, జరిగిందో లేదో చూసుకోవటం. నిర్ణయంలో భర్తలు బాగానే పాలుపంచుకున్నారు, మొదటిదీ చివరిదీ ఎక్కువగా ఆడవాళ్ల మీదే పడ్డాయి. చెప్తే చేసేవాడు కూడా మీ కొక్కేనికి వేలాడేవాడే.

ఇరవై ఒక్క రోజుల్లో అలవాటవుతుందన్న మాట నమ్మకండి. అది 1960లో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్, కొత్త ముఖానికి అలవాటు పడటానికి రోగులకి కనీసం అన్ని రోజులు పడుతోందని రాసిన మాట. 'కనీసం' ఎక్కడో రాలిపోయింది. ఫిలిపా లాలీ బృందం లండన్‌లో 96 మందిని గమనించి 2010లో ప్రచురించిన లెక్కలో మధ్యస్థం 66 రోజులు, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. వాళ్లంతా పెద్దవాళ్లు, పిల్లలు కాదు. మధ్యలో ఒకరోజు తప్పితే కొంప మునగలేదు, అది నాకు చాలా ఊరట.

మా ఇంట్లో మా అమ్మాయి మీద నేను చేసింది ఇంతే. రాత్రి మడతపెట్టిన స్కూల్ బట్టల మీద బ్రష్ పెట్టి, పొద్దున నోరు మూసుకున్నాను. రెండోది చాలా కష్టం. మొదటిరోజు బ్రష్ పక్కకి తోసేసి బట్టలేసుకుని వెళ్లిపోయింది. మూడోరోజు కుళాయి కింద బ్రష్ తడిపి, మళ్లీ చొక్కా మీదే పెట్టింది, జేబు మీద గుండ్రంగా తడి మరక. దాని గురించి కూడా ఏమీ అనలేదు, స్టవ్ దగ్గర నిలబడి పళ్లు కొరుక్కున్నాను. ఆరో వారానికి బట్టలు కనబడగానే చెయ్యి బ్రష్ మీదకి పోవటం మొదలైంది, నా వైపు చూడకుండానే.

ఆదివారం మధ్యాహ్నం దగ్గరికొచ్చి ఏదో చెప్తుంటే వాసనొచ్చింది. తోముకోలేదు. నిజమే, స్కూల్ బట్టలు లేవు కదా, కొక్కెమే లేదు. ఇప్పుడు సెలవు రోజులకి ఇంకోటి వెతుకుతున్నాం. బొమ్మల పెట్టె మూత మీద పెట్టి చూశాం, బ్రష్‌తో సహా మూత తీసి నేల మీద పెట్టేసింది.