‘పాస్ అవుట్’ అంటే డిగ్రీ అయిపోవడమా, స్పృహ తప్పడమా?

అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లిష్ చెబుతాను. కొత్త బ్యాచ్ మొదలైన ప్రతిసారీ ఎవరో ఒకరు ఫోన్‌లో రీల్ చూపిస్తారు. "సార్, పాస్డ్ అవుట్ అంటే మూర్ఛపోవడమట. వీసా ఇంటర్వ్యూలో అంటే రిజెక్టేనట!"

అపోహ: అది మనవాళ్ళు పుట్టించిన తప్పుడు ఇంగ్లిష్.

వాస్తవం: కాదండీ. బ్రిటన్‌లో సైనిక శిక్షణ ముగించడాన్ని ఇప్పటికీ అలాగే అంటారు. మన డెహ్రాడూన్ మిలిటరీ అకాడమీలో జరిగే పాసింగ్ అవుట్ పరేడ్ ఆ మాటే. మనం దాన్ని కాలేజీకి కూడా వాడుకున్నాం, అంతే. వాకిన్ ఇంటర్వ్యూల ప్రకటనల్లో కంపెనీలే "2023 పాసౌట్స్ మాత్రమే" అని వేస్తుంటే పిల్లల్ని అని ఏం లాభం? అమెరికావాళ్ళతో మాత్రం "గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2023" అనండి. ఈ ఒక్క మాటకు వీసా ఆపేయాలన్న రూలు ఎక్కడా లేదు. రీల్ పెట్టినవాడికి వ్యూస్, మీకు టెన్షన్.

అపోహ: మనం తప్పు మాట్లాడకుంటే చాలు.

వాస్తవం: అసలు నష్టం ఇక్కడే. ఎదుటివాళ్ళు ఆ మాట అంటే మనకేం అర్థమవుతోందో ఎవరూ చూసుకోరు. మా మామయ్య అమెరికాలో కూతురింటికి వెళ్ళి, బాత్రూమ్‌లో కాలు జారి పడ్డారు. తలకు దెబ్బ తగిలింది కానీ స్పృహ పోలేదు. ఆస్పత్రిలో నర్సు "డిడ్ యూ పాస్ అవుట్?" అంది. ఈయన నిటారుగా కూర్చుని "యెస్, యెస్" అన్నారు. ఆమె స్పృహ తప్పిందని రాసేసుకుంది. తల దెబ్బకు స్కాన్ తీయాలా వద్దా అని ఆలోచించేటప్పుడు డాక్టర్లు చూసేవాటిలో అదొకటి. కారు పార్క్ చేసొచ్చిన కూతురు హడలిపోయి "ఎప్పుడు నాన్నా?" అంటే, "డెబ్బై తొమ్మిదిలో, బీకాం" అన్నారట.

ఇప్పుడు నవ్వుకుంటాం. కానీ డిగ్రీ మధ్యలో మానేసి, నిజంగానే కళ్ళు తిరిగి పడిపోయిన మనిషి అదే ప్రశ్నకు "నో" అంటే? అమ్మానాన్నల్ని విమానం ఎక్కించే ముందు మందుల చీటీతో పాటు ఈ ప్రశ్న కూడా ఒకసారి అడిగి చూడండి.

మిగతావి గబగబా. పాస్ అవుట్ అంటే పంచిపెట్టడం కూడా: "పాస్ అవుట్ ద పేపర్స్". ‘దెమ్’ వస్తే మధ్యలో పెట్టాలి: "పాస్ దెమ్ అవుట్". పాస్ అవే వేరు, అది చనిపోవడం. మొన్న ఒకమ్మాయి కంగారులో అవుట్‌కు బదులు అవే అని రెజ్యూమెలో రాసుకొచ్చింది. దిద్ది, టీ తాగించి పంపాను.