మాచిపత్రిని తిరగేసి చూడండి

పోయిన వినాయక చవితికి నెల్లూరు చిన్నబజారులో పత్రి కట్ట కొన్నాను. ఇంటికొచ్చి విప్పితే నాకు కావలసిన ఆకు అందులో లేదు. ఇరవై ఒక్క పత్రాల్లో మొట్టమొదటిది మాచీపత్రం. 'సుముఖాయ నమః' అనగానే చేతిలోకి తీసుకోవాల్సింది అదే. దాని స్థానంలో వయ్యారిభామ ఉంది. "మాచిపత్రే నాయనా, మా చేను గట్టున కోసిందే" అని పత్రి అమ్మినామె నమ్మకంగానే చెప్పింది. ఆకు చీలికలు చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు. కానీ ఆ కట్ట విడదీసిన మా అమ్మకు సాయంత్రానికి వేళ్ళ సందుల్లో దురద, దద్దుర్లు. వయ్యారిభామలోని పార్థెనిన్ అనే పదార్థం చేసే పని ఇది. ఏళ్ళ తరబడి చేలో ఆ కలుపు పీకిన చేతులకు ఇలాంటి ఎలర్జీ సులువుగా వస్తుంది.

రెండూ చామంతి కుటుంబం మొక్కలే. అందుకే పైనుంచి చూసి తేల్చలేం, ఆకును తిరగేయాలి. వయ్యారిభామ ఆకు రెండు వైపులా ఒకే లేతాకుపచ్చ. మాచిపత్రి అడుగు మాత్రం తెల్లగా, సున్నం పూసినట్టు ఉంటుంది. గోటితో మెల్లగా గీకితే ఆ తెలుపు దూదిలా ఉండకట్టి ఊడొస్తుంది, కింద పచ్చదనం బయటపడుతుంది. భూతద్దంలో చూస్తే అది రంగు కాదు, ఒకదానిలో ఒకటి చిక్కుకున్న సన్నని నూగు. చైనా, జపాన్‌లలో దీని దగ్గరి బంధువుల ఎండుటాకుల్ని నలిపి, పొడి రాలగొట్టి, మిగిలిన ఈ దూదినే ఒంటి మీద కాపడం పెట్టే వైద్యానికి వాడతారు. ఆకు కాడ మొదట్లో చిన్న చెవుల్లాంటి తునకలు కూడా కనిపిస్తాయి. నలిపితే కర్పూరాన్ని గుర్తుచేసే ఘాటు.

వాసన మంచి సాక్షే గానీ, ఒక్కదాన్నే నమ్మితే మోసపోతాం. మాచిపత్రి ఉన్న ఆర్టెమీసియా ప్రజాతిలో దాదాపు 500 జాతులున్నాయి, చాలావాటికి ఏదో ఒక ఘాటు ఉంది. పూలకొట్లో కదంబం మాలలో కట్టే దవనం కూడా వీటిలోదే. బూడిద రంగు, దారాల్లా సన్నగా చీలిన ఆకు, తియ్యటి వాసన. దాని పక్కనే ఉండే మరువం మాత్రం చుట్టం కాదు, అది తులసి కుటుంబం. కాండాన్ని వేళ్ళ మధ్య తిప్పితే నాలుగు పలకలు తగులుతాయి, ఆకులు ఎదురెదురుగా జంటలుగా ఉంటాయి.

అసలు చిక్కు పేరుతో వస్తుంది. మన పుస్తకాల్లో మాచిపత్రికి ఆర్టెమీసియా వల్గారిస్ అని రాసి ఉంటుంది. దక్షిణాది కొండల్లో పెరిగేది చాలావరకు ఆర్టెమీసియా నీలగిరికా. ఒకప్పుడు దీన్ని వల్గారిస్‌లోనే ఒక రకంగా లెక్కవేశారు, 1926లో పంపానిని అనే ఇటలీ శాస్త్రవేత్త వేరే జాతిగా నిలబెట్టారు. రెండింటికీ అడుగు తెలుపే. వల్గారిస్ ఆకు పైభాగం నూగు లేకుండా ముదురాకుపచ్చగా ఉంటే, నీలగిరికాది పైన కూడా సన్నని నూగుతో కాస్త మాసినట్టుంటుంది. ఇక తెలుగు బైబిల్లో, ప్రకటన గ్రంథం 8వ అధ్యాయంలో, నీళ్ళను చేదు చేసిన నక్షత్రం పేరు కూడా మాచిపత్రే. బైబిలు పుట్టిన దేశపు ఆ ఎడారి మొక్క మన పెరటి మొక్క కాదు, దాని జాతి వేరు.

ఆర్టెమీసియాల్లో చేదుకు పేరుపడ్డ జాతి ఆబ్సింథియం. కశ్మీరులో పెరుగుతుంది. దాని ఆకు రెండు వైపులా పట్టులా వెండి రంగు. అనుమానం తీరాలంటే పూగుత్తి చీల్చాలి. చిట్టిపూలు కూర్చునే పీట మీద పొడవాటి తెల్లని వెంట్రుకలుంటే అది ఆబ్సింథియం. వల్గారిస్‌లో ఆ పీట నున్నగా ఉంటుంది.

జాతిని సరిగ్గా పట్టుకోవడం ఎంత పెద్ద విషయమో చైనా శాస్త్రవేత్త తూ యూయూ పని చూస్తే తెలుస్తుంది. చైనా పాత వైద్య గ్రంథాల్లో మలేరియా జ్వరానికి చెప్పిన 'చింగ్‌హావ్' అనే పేరు ఒకటికి మించిన మొక్కలకు వాడుకలో ఉండేది. వాటిలో మందున్నది ఆర్టెమీసియా యాన్యువాలో. నాలుగో శతాబ్దపు వైద్యుడు గె హోంగ్ ఆకును కాచమనలేదు, నీళ్ళలో నానబెట్టి పిండమన్నాడు. అది చదివి, వేడి ఎక్కువైతే మందు చెడుతోందేమోనని ఆమె తక్కువ వేడిలో ఈథర్‌తో సారం తీశారు. 1972లో ఆర్టెమిసినిన్ అనే మలేరియా మందు చేతికొచ్చింది, 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. యాన్యువా ఏడాదికే ఎండిపోయే మొక్క, ఆకు అడుగు కూడా పచ్చగానే ఉంటుంది. మాచిపత్రి కషాయంతో మలేరియా తగ్గుతుందని వచ్చే వాట్సాప్ మెసేజ్‌లను దయచేసి నమ్మకండి. అసలు మొక్క యాన్యువా టీ తాగడాన్నే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వద్దంది. మోతాదు నిలకడగా ఉండదు, చాలీచాలని మందుకు మలేరియా క్రిమి రాటుదేలుతుంది.

చవితి అయ్యాక ఒక నర్సరీలో మాచిపత్రి అని ఇచ్చిన మొక్క తెచ్చి కుండీలో పెట్టాను. మన ఎండకు మధ్యాహ్నం నీడ పట్టాల్సి వచ్చింది. చలికాలంలో పూసింది. ఆవగింజ కంటే కాస్త పెద్ద గుత్తులు, రేకులు లేవు. గాలే పుప్పొడి మోస్తుంది కాబట్టి సీతాకోకను పిలవాల్సిన పని దానికి లేదు. ఒక గుత్తిని సూదితో విప్పాను. పీట నున్నగా ఉంది. ఆకు అడుగు తెలుపు, పైన సన్నని నూగు. కుండీ మీద చీటీ అతికించి నీలగిరికా అని రాశాను.